తొట్టిలో ముంచి చూడని అతుకు

కొత్తకోటలో పెద్ద రోడ్డు మీద లారీలవాళ్ళు తినే డాబాల వరుస అయిపోయే చోట ఫకీర్ పంక్చర్ షాపు ఉంది. షాపంటే నాలుగు రేకులు, ఒక గాలి మిషను, గుట్టగా పడేసిన పాత టైర్లు. వాటి ముందర నిలువునా కోసి పడుకోబెట్టిన ఇనుప డ్రమ్ము. దాంట్లో ఎప్పుడూ నీళ్ళుంటాయి. నల్లటి నీళ్ళు. పైన నూనె తెట్టు ఎండకు రకరకాల రంగులు తిరుగుతూ ఉంటుంది. ఫకీర్ దాన్ని తొట్టి అంటాడు. ఇంట్లో పొయ్యికి ఎంత విలువుందో ఆ షాపులో తొట్టికి అంత విలువ.

ఫకీర్ తండ్రి పెబ్బేరు పక్క ఊళ్ళలో దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయాక ఆ పని కొడుకు దాకా రాలేదు. హైవే మీద షాపు పెట్టుకున్న ఒక కేరళ ముసలాయన దగ్గర ఫకీర్ పంక్చర్ పని నేర్చుకున్నాడు. ముసలాయనకు తెలుగు సరిగ్గా రాదు, ఫకీర్‌కు మలయాళం అసలే రాదు. అందుకని మాటలతో నేర్పింది తక్కువ. ట్యూబుకు అతుకు వేయగానే ముసలాయన దాన్ని నీళ్ళలోకి ముంచి, తన ముఖం కూడా దాదాపు నీళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. అంగుళం అంగుళం తిప్పుతూ చూసేవాడు. ఎక్కడా బుడగ రాలేదంటేనే ట్యూబు టైరులోకి వెళ్ళేది. ఫకీర్‌కు అబ్బింది ఆ చూపే.

"బేగ మాడప్పా, టైమిల్ల" అని రాయచూరు లారీ డ్రైవర్లు తొందరపెట్టేవాళ్ళు. "అతుకు మంచిగనే పడ్డది గదా, నీళ్ళల్ల పెట్టుడెందుకు, ఎక్కియ్యి" అని మనవాళ్ళూ అనేవాళ్ళు.

"టైమ్ లేకుంటే వేరే దుకాణానికి పోరాదు" అనేవాడు ఫకీర్, తల ఎత్తకుండానే. "నా అతుకు నాకు మంచిగనే అగుపడ్తది. నీళ్ళకు ఎట్ల అగుపడ్తదో చూడాలె గద."

పక్క డాబా అనంతయ్య దీనిమీద రోజూ ఒక జోకు వేసేవాడు. "ఫకీర్ భాయ్ నిఖా నాడు గూడ సుల్తానాబీని తొట్టిల ముంచి చూసిండు" అని లారీలవాళ్ళకు చెప్పేవాడు. ఫకీర్ భార్య సుల్తానాబీ డాబా వెనక కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, "నన్ను కాదు అనంతన్నా, నిన్ను ముంచాలె. నోట్లెకెళ్ళి గాలి పోతనే ఉంటది" అని జవాబిచ్చేది.

అలాంటి ఫకీర్ కొంతకాలంగా కూర్చుని లేచేటప్పుడు ముఖం ముడుచుకోవడం మొదలుపెట్టాడు. లుంగీలు తానే ఉతుక్కుంటున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి తన గుడ్డ తాను ఉతుక్కోని మనిషి ఉతుక్కుంటుంటే సుల్తానాబీకి అనుమానం వచ్చింది. ఒక రోజు ఆరేసిన లుంగీ తీసి చూసింది. సరిగ్గా పోని నెత్తుటి మరక కనిపించింది. ఆమె తిన్నగా వెళ్ళి అనంతయ్య జీపులో కూర్చుంది. "నడువుండ్రి, వనపర్తికి" అంది. మొగుడు షాపులోంచి బయటికి వచ్చి జీపెక్కేదాకా దిగలేదు.

వనపర్తి దవాఖానలో డాక్టర్ నవనీత చూసింది. అచ్చంపేట అమ్మాయి. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి ఆపరేషన్లు చేస్తుందని పేరు. పరీక్షలన్నీ అయ్యాక ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పింది.

"పెద్దపేగు కొసకు గడ్డ ఉన్నది, చాచా. మంచిది కాదు. కానీ టైముకే వచ్చినవ్. గడ్డ ఉన్న ముక్క కోసి తీసేసి, పై కొస, కింది కొస మళ్ల కలుపుత."

ఫకీర్‌కు మొదటి మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. కలపడం అన్న మాట మాత్రం వినిపించింది. అది తనకు తెలిసిన పని.

"కుట్లేస్తరా మేడం?"

"కుట్లు కాదు. పిన్నులు. మిషన్‌తోని కొడ్తం."

"పిన్నులా?"

"చిన్న చిన్నయి. లోపలనే ఉంటయి. ఏం గాదు."

"మళ్ల ఎప్పుడు తీస్తరు?"

"తియ్యం చాచా. జిందగీ అంతా అట్లనే ఉంటయి."

ఫకీర్ తన చేతుల వంక చూసుకున్నాడు. లారీ టైర్లలోంచి, ట్రాక్టర్ టైర్లలోంచి, ఆటో టైర్లలోంచి మేకులు, పిన్నులు, లాడం ముక్కలు, బీరు సీసాల పెంకులు పీకి పీకి చేతులు కాయలు కాసిన మనిషి. ఇనుప ముక్క లోపల మిగిలితే టైరు బతకదు. అది అతనికి రోజూ చదువుకునే కలిమా ఎంత బాగా తెలుసో అంత బాగా తెలుసు.

"నేను జిందగీ అంతా పిన్నులు పీకిన మేడం" అన్నాడు చివరికి. "మీరు నాకే కొడ్తనంటున్నరా?"

వెనక నిలబడ్డ అనంతయ్య ఇంత కష్టంలోనూ ఆగలేకపోయాడు. "పీకినన్ని మళ్ల నీకే ఎక్కిస్తున్నరు భాయ్, లెక్క సాఫ్."

"అనంతన్నా, బయటికి పో" అంది సుల్తానాబీ.

డాక్టర్ నవ్వకుండా అల్మారా తెరిచి ఆ మిషను నమూనా ఒకటి చూపించింది. పిస్తోలు లాంటి పిడి, జానెడు పైన పొడుగ్గా సన్నటి గొట్టం, కొసన మొసలి నోరులా తెరుచుకునే రెండు దవడలు. ఆ దవడలతో పేగును పట్టుకుని, పిన్నులు కొడుతూనే మధ్యలో కోస్తుందట. పాత మిషన్లను చేత్తో పిసికేవాళ్ళట. పేగు మందంగా ఉన్నా, పలుచగా ఉన్నా ఒకటే నొక్కుడు. దీనికి లోపల మోటారు ఉంది. దవడల మధ్య కండ ఎంత మందముందో అదే చూసుకుంటుంది. మందముంటే నిదానిస్తుంది. ఇంకా మందముంటే ఆగిపోతుంది, ఆ కండలో నీరు అణిగేదాకా ఆగి మళ్ళీ కదులుతుంది. మరీ మందమైతే నా వల్ల కాదని మొరాయిస్తుంది.

"అంత తెలివి ఉంటదా దీనికి?" అంది సుల్తానాబీ. ఆమెకు నిజంగానే నచ్చింది. ఫకీర్ మాత్రం ఆ దవడల వంకే చూస్తున్నాడు. అటువంటి నోరు ఒకటి తన కడుపులోకి దిగుతుందన్న సంగతి తప్ప అతనికి మరేదీ తలకెక్కలేదు.

ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చాక ఫకీర్ మొదట చేసిన పని దుప్పటి ఎత్తి చూసుకోవడం. రొమ్ము నుంచి కింది దాకా గోతం కుట్టినట్టు కుట్టి ఉంటారనుకున్నాడు. చూస్తే కడుపు మీద అక్కడొకటి ఇక్కడొకటి చిన్న పట్టీలు, బొడ్డు కింద మాత్రం జర పెద్దది.

"ఇంతేనా?" అన్నాడు. "గింత బొక్కలకెళ్ళి పేగు ఎట్ల తీసిండ్రు? తీసిండ్రా అసలు?"

"తీసిండ్రు చాచా. నేను నా చేతుల్తోని డబ్బాల పెట్టిన" అంది సిస్టర్ ఎస్తేరు. ఆపరేషన్ గదిలో డాక్టర్ పక్కన నిలబడే నర్సు ఆమె. "చూస్తవా?"

"వద్దు తల్లీ."

ఇంటికి పంపే రోజు డాక్టర్ నవనీత వచ్చి భుజం తట్టింది. "గడ్డ పోయింది చాచా. కానీ కంటికి కనబడనియి లోపల మిగిలి ఉంటయేమో, వాటికి మందు ఎక్కియ్యాలె. దానికి ఒంట్లె బలముండాలె. మంచిగ తిని, బరువు పెరిగి రా. నువ్వు ఎండుకపోయి వస్తే నేను మందు మొదలువెట్టలేను. చెప్తున్న."

ఆమె వెళ్ళిపోయాక ఒక కుర్ర డాక్టరు వచ్చి మందుల సంగతి చెప్పాడు. గడగడా చెప్పుకుపోతూ చివరన, "జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా వెంటనే రావాలి తాతా. ఒక్కోసారి అతుకు లీకవుతుంది" అన్నాడు.

ఫకీర్ మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. "లీకా?"

"అందరికీ కాదులే. ఏ కొందరికో."

"నాది చూసిండ్రా?"

"మిషన్‌లో సెన్సార్ ఉంది తాతా, అదే చూసుకుంటుంది" అంటూ కుర్రాడు పక్క మంచానికి పోయాడు.

దారి పొడుగునా ఫకీర్, జీపు గతుకులో పడ్డప్పుడల్లా రెండు చేతులా కడుపు పట్టుకున్నాడు. మిషను తెలివైందే కావచ్చు. కానీ అతుకు వేసినదే అతుకును చూసుకోవడమేమిటి? అది తన అతుకు తనకు మంచిగనే అగుపడ్తది అన్నట్టే గదా!

ఇంటికి వచ్చాక అతను తినడం మానేశాడు.

మానేశానని ఎవరితోనూ చెప్పలేదు. అతని లెక్క అతనికి ఉంది. ట్యూబుకు పూసిన సొల్యూషన్ ఆరకముందు గాలి కొడితే ప్యాచు లేస్తుంది. లోపల అతుకు ఆరిందో లేదో ఎవరూ చూడలేదు. కాబట్టి ఆరేదాకా లోపలికి బరువు పంపకూడదు. నీళ్ళు, చాయ్, పలుచటి మజ్జిగ చాలు. సుల్తానాబీ మెత్తగా కిచిడీ వండి పెట్టేది. "పెట్టి పో, తింట" అనేవాడు. ఆమె తిరిగి వచ్చేసరికి పళ్ళెం ఖాళీగా ఉండేది. ఆమె అల్లాకు షుకర్ చెప్పుకునేది.

కొన్నాళ్ళకు ఆమెకు రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, మొగుడి మెడ ఎముకల మధ్య గుంటలు. రెండోది, ఒక వీధికుక్క సరిగ్గా అన్నం వేళకు కిటికీ కింద వచ్చి బుద్ధిగా కూర్చోవడం. కుక్క నున్నగా, గుండ్రంగా తయారైంది.

ఆమె ఆ పూట పళ్ళెం పెట్టి, వెళ్ళినట్టే వెళ్ళి, తలుపు సందులోంచి చూసింది. ఫకీర్ ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు. చెయ్యి అక్కడే ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఆ ముద్ద కిటికీలోంచి బయటికి పోయింది.

సుల్తానాబీ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఫరా అబ్బా, ఏందిది?" అంది. కూతురి పేరుతో మొగుణ్ణి పిలవడం ఆమెకు అలవాటు.

"అతుకు చూడలే సుల్తానా" అన్నాడు అతను తల దించుకుని. "ఎవ్వరు చూడలే."

"మేడం ఏం చెప్పింది? తినకుంటే మందు లేదన్నది. మందు లేకుంటే..." ఆమె కిటికీ వైపు చెయ్యి చూపింది. "కుక్కకు పెడ్తవా నీ పాణం?"

"తింటే లీకైతది. లీకైతే గూడ పోయేది పాణమే గద."

అతని ముఖంలో మొండితనం లేదు. భయం ఉంది. చిన్నపిల్లవాడి భయం లాంటిది. గడ్డ అన్నప్పుడు కూడా ఆమె అతని ముఖంలో అది చూడలేదు. గద్వాల్‌లో ఉన్న కూతురు ఫరాకు ఫోన్ చేసి చెప్పాలనుకుని, ఏమని చెప్పాలో తెలియక ఫోను పక్కన పెట్టేసింది.

మర్నాడు తెల్లవారి నమాజు వేళ దాటాక చూస్తే మంచం మీద ఫకీర్ లేడు. ఆమె షాపు వైపు పరుగెత్తింది. రేకుల ముందు అంగీ మడిచి టైరు మీద పెట్టి ఉంది. తొట్టిలో ఫకీర్ కూర్చుని ఉన్నాడు.

నల్లటి నీళ్ళు అతని కడుపు మునిగేదాకా ఉన్నాయి. లుంగీ నీళ్ళలో తేలుతోంది. ముక్కు మూసుకుని, బుగ్గలు పూరించి, కళ్ళు ఉబ్బేలా ముక్కుతున్నాడు. ముక్కడం ఆపి కడుపు మీది నీళ్ళలోకి వంగి చూస్తున్నాడు. మళ్ళీ ముక్కుతున్నాడు.

"యా అల్లా!" అంది సుల్తానాబీ.

అప్పుడే నీళ్ళలోంచి ఒక బుడగ లేచింది. గుండ్రంగా, నూనె రంగుతో పైకి వచ్చి టప్పున పగిలింది. వెంటనే ఇంకొకటి.

ఫకీర్ వేసిన కేకకు డాబాలో చాయ్ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. "బుడగ! సుల్తానా, బుడగొచ్చింది! లీకున్నది!"

అనంతయ్య చేతిలో జల్లిగరిటెతో పరుగెత్తుకొచ్చాడు. తొట్టిలో ఉన్న మనిషిని చూసి బిక్కచచ్చిపోయి, తేరుకుని, "ఏంది భాయ్, పొద్దుగాల టైరు దొరకలేదని నువ్వే దిగినవా?" అన్నాడు.

"అన్నా, నవ్వకే! నా కడుపు మీదికెళ్ళి వచ్చింది బుడగ!"

"లుంగీల గాలి ఉంటది భాయ్."

"లుంగీ కాదు!"

"మరి ఇంకో దిక్కుకెళ్ళి వచ్చిందేమో. నీళ్ళల్ల కూసుంటే అందరికి వస్తది. నాకూ వస్తది."

డ్రైవర్లు నవ్వారు. ఫకీర్ నవ్వలేదు. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి లేపితే నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. వణుకుతున్నాడు. పట్టీలన్నీ ఊడి తొట్టిలో తేలుతున్నాయి.

ఆ మరుసటి రోజుకు ఒళ్ళు కాలిపోయింది. బొడ్డు కింది గాయం ఎర్రగా ఉబ్బింది. "జ్వరం వస్తే లీకేనన్నడు ఆ పిల్లడు" అని ఫకీర్ పలవరించాడు. "నేను చెప్పలేదా? చెప్పలేదా?" జీపులో సుల్తానాబీ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అనంతయ్య ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు.

డాక్టర్ నవనీత కూడా భయపడింది. జ్వరం, పైగా బుడగ అనే మాట. వెంటనే పెద్ద స్కానింగ్‌కు పంపింది. అది వచ్చేదాకా వరండాలో అటూ ఇటూ తిరిగింది. ఫోటోలు చూశాకే కూర్చుంది.

"లోపల అతుకు మంచిగున్నది. చీము పైనే ఉన్నది, తోలు కింద. గింత మురికి చీము ఎట్లొచ్చింది చాచా? ఏ నీళ్ళు తాకినయి?"

ఫకీర్ తల తిప్పుకున్నాడు. సుల్తానాబీ చెప్పింది. గాయం కడుగుతున్న సిస్టర్ ఎస్తేరు చేతిలో దూది అలాగే ఆగిపోయింది.

"డ్రమ్ములనా? టైర్లు ముంచే డ్రమ్ములనా?" అంది ఆమె. "నూనె నీళ్ళల్ల కూసున్నవా, గింత పచ్చి పుండు పెట్టుకొని?"

"ఇన్ని ఏండ్ల సర్వీసుల గిసొంటిది వినలే" అంది డాక్టర్. "పాణం పోతుండె చాచా, తెలుసా? అతుకుతోని కాదు, నీ తొట్టితోని పోతుండె!"

ఫకీర్ అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "తప్పే చేసిన మేడం. నాకు తెల్వక చేసిన. మరి మీరు చూసిండ్రా? నీళ్ళల్ల పెట్టి చూసిండ్రా?"

చూశాం అని ఒక్క మాట అంటే అయిపోయేది. డాక్టర్ అనబోయింది. కానీ ఎస్తేరు వంక ఒకసారి చూసింది. ఎస్తేరు దూది వంక చూసింది. టైరు ఎలా పోయిందో దాచి ఇంకొకటి చెప్పే డ్రైవర్లను ఫకీర్ ఎంతమందిని చూశాడో! ఏదో దాస్తున్నారని ఆ చూపులు అతనికి చెప్పేశాయి.

"చూసినం" అంది డాక్టర్. లేచి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టింది. "లోపలికి పోయిన కెమెరా అంతా రికార్డు చేస్తది. చూడగలుగుతవా?"

సుల్తానాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫకీర్ తలగడ ఎత్తుగా పెట్టించుకున్నాడు.

నెత్తురు, కత్తులు కనిపిస్తాయనుకున్నారు ఇద్దరూ. కనిపించింది వేరు. తడితడిగా, గులాబీ రంగులో, దీపం వెలుతురుకు మెరుస్తూ, మెత్తగా కదులుతున్న ఒక గుహ. "ఇది నేనేనా?" అన్నాడు ఫకీర్. మొసలి నోరు లోపలికి వచ్చింది. పేగును అడ్డంగా పట్టుకుంది. సన్నగా మోటారు మోత. కొంచెం కదిలి ఆగింది.

"ఆగింది" అంటోంది తెరలో డాక్టర్ గొంతు. "మందం ఉన్నది. ఆగనియ్యి, తొందరపెట్టకు."

మనుషులంతా ఆ ఇనుప నోటి కోసం ఎదురుచూస్తున్నారు. కాసేపటికి అది తనంతట తానే మళ్ళీ కదిలింది. ఇంకోచోట మళ్ళీ ఆగింది. కదిలింది. నోరు తెరిస్తే పేగు రెండు ముక్కలై ఉంది. రెండు కొసల అంచునా వెండి చుక్కల వరుస. ఫకీర్ తెరిచిన నోరు మూయలేదు.

"దానంతట అదే ఆగిందా మేడం?"

"అదే ఆగింది."

గడ్డ ఉన్న ముక్క పోయింది. కింది నుంచి వచ్చిన మరో మిషను పై కొసనూ కింది కొసనూ గుండ్రంగా కలిపింది. తర్వాత డాక్టర్ గొంతు "నీళ్ళు పొయ్యి" అంది. గుహలోకి నీళ్ళు పడ్డాయి. నిండాయి. అతుకు నీళ్ళలో మునిగింది.

ఫకీర్ తలగడ మీంచి లేచి కూర్చున్నాడు. పుండు నొప్పి కూడా తెలియలేదు. "తొట్టి" అన్నాడు. "సుల్తానా, తొట్టి!"

"గాలి కొట్టు" అంది తెరలో గొంతు.

"గాలి యాడికెళ్ళి కొట్టిండ్రు?" అన్నాడు ఫకీర్ ఆత్రంగా.

డాక్టర్ దగ్గింది. ఎస్తేరు మాత్రం వెనకాడలేదు. "వాల్వు యాడుంటదో ఆడికెళ్ళే చాచా. కిందికెళ్ళి."

ఫకీర్ చెవులు ఎర్రబడ్డాయి. సుల్తానాబీ కొంగు కళ్ళ దాకా లాక్కుంది.

తెరలో పేగు మెల్లగా ఉబ్బింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అప్పుడు ఎడమ పక్కన, అతుకు అంచున, ఆవగింజంత బుడగ ఒకటి పుట్టింది. ఊగిసలాడి పైకి లేచింది. దాని వెనక ఇంకొకటి.

"లీకైంది" అంది సుల్తానాబీ. కొంగు జారిపోయింది. ఆమె గొంతు అంత లేస్తుందని ఎవరూ అనుకోలేదు. "లీకైంది గద మేడం! నిజంగనే లీకైంది! మాకు ఒక్క మాట చెప్పలే ఎందుకు?"

"అప్పుడే చూసినం, అప్పుడే కుట్టు వేసినం అమ్మా. అది లీకు కిందికి రాదు. ఇంటికి పంపేనాటికి..."

"చెప్పలే ఎందుకు?"

"చెప్తే భయపడి తినడనుకున్న."

"చెప్పకుంటే తిన్నడా?"

డాక్టర్ నవనీత తల దించుకుంది.

ఫకీర్ వీళ్ళ మాట వినడం లేదు. అతని కళ్ళు తెర మీదే ఉన్నాయి. రెండు సన్నటి కడ్డీలు సూదిని పట్టుకుని, బుడగ వచ్చిన చోటే ఒక కుట్టు వేశాయి. దాని పక్కన ఇంకొకటి. ఈసారి మిషను కాదు, మనిషి చెయ్యి. చెయ్యి ఎక్కడో బయట ఉంది, కుట్టు లోపల పడుతోంది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ గాలి. పేగు ఉబ్బింది. ఫకీర్ తెరకు ముక్కు ఆనించినంత పని చేసి ఊపిరి బిగబట్టాడు. తెరలో కెమెరా కూడా అలాగే దగ్గరికి పోయింది. ఎడమ పక్క చూసింది. చుట్టూ తిరిగి వెనక పక్క చూసింది. అడుగున చూసింది. బుడగ లేదు.

"ఇంకోసారి కొట్టు" అంది తెరలో గొంతు.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతా చూశారు. బుడగ లేదు. ఫకీర్ ఊపిరి వదిలాడు.

"బుడగ వచ్చిన కాడ మళ్ల పెట్టుండ్రి మేడం" అన్నాడు.

"ఎందుకు చాచా, వద్దు."

"పెట్టుండ్రి."

పెట్టింది. ఆవగింజంత బుడగ మళ్ళీ పుట్టింది. ఫకీర్ వేలు పెట్టి చూపించాడు, భార్యకు చూపించినట్టు.

"గంత తెలివైన మిషను. మందం చూసింది, ఆగింది, అన్నీ చేసింది. అయినా ఈడ వదిలింది" అన్నాడు. గొంతులో ఇంకా నమ్మలేనితనం ఉంది. "మీరు ముంచకపోతే?"

"ముంచకుండ ఎప్పుడూ మూయం చాచా."

"బుడగే రాలేదని మీరు నోటితోని చెప్పుంటే నేను నమ్మేటోణ్ణి కాదు మేడం" అన్నాడు అతను. అని ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. "ఈడ తినేదానికి ఏం దొరుకుతది?"

సుల్తానాబీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు వచ్చింది. ఏడిస్తే తినడం మానేస్తాడేమోనని మింగేసుకుంది.

కింద క్యాంటీన్ భాగ్యమ్మ నడిపేది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇడ్లీ వచ్చింది. ఫకీర్ చిన్న ముక్క తుంచాడు. చాలాసేపు నమిలాడు. మింగి, కళ్ళు మూసుకున్నాడు. అది గొంతు దిగి, రొమ్ము దిగి, కడుపులోకి పోయేదాకా వెంట వెళ్ళినట్టు అలాగే ఉండిపోయాడు. కళ్ళు తెరిచి ఇంకో ముక్క తుంచాడు. సుల్తానాబీ ఆ చేతినే చూస్తోంది. అనంతయ్య దూరంగా స్తంభం దగ్గర నిలబడ్డాడు. దగ్గరికి వస్తే ఏదో ఒకటి అనేస్తానని అతనికి తెలుసు.

"నువ్వు తిను" అన్నాడు ఫకీర్.

"నాకొద్దు. కండ్లు మూస్తే నీ పేగే అగుపడ్తున్నది."

ఫకీర్‌కు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. పుండు కలుక్కుమంది.

"నవ్వకు! కుట్లు ఊడుతయి!" అంది ఆమె గట్టిగా.

అతను టక్కున ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. చెయ్యి కడుపు మీదికి పోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఏమీ కాలేదు. ఇంకాసేపు చూశారు. ఏమీ కాలేదు. ఫకీర్ మళ్ళీ ఇడ్లీ తుంచాడు.

"సాంబార్ పొయ్యాల్నా?" అని అడిగింది భాగ్యమ్మ గంటెతో వచ్చి.

"వద్దక్కా, కారం వద్దన్నరు ఆయనకు" అంది సుల్తానాబీ.

"మరి నీకు?"

ఆమె ఒక క్షణం ఆలోచించింది. పొద్దుటి నుంచి, అంతకు ముందు రోజు నుంచి కూడా తాను ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. గిన్నె ముందుకు జరిపింది.

"నాకు పొయ్యి. రెండు ఇడ్లీలు గూడ పెట్టు. ఆయనకు ఇంకొకటి, ఒట్టిది."

ఫకీర్ వద్దనలేదు.